పంజాగుట్టలో గుట్ట ఎక్కడ?

పంజాగుట్టలో గుట్ట ఎక్కడుందని ఎవరినైనా అడిగి చూడండి. ఫ్లైఓవర్ చూపిస్తారు, నిమ్స్ చూపిస్తారు, మెట్రో స్టేషన్ చూపిస్తారు. గుట్టని మాత్రం ఎవరూ చూపించలేరు. ఆ పక్క స్టేషన్ ఎర్రమంజిల్. అక్కడి ఎర్ర దిబ్బ మీద నిజాముల కాలంలో నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ మహల్ కట్టుకుని ఇరమ్ మంజిల్ అని పేరు పెట్టాడు. ఫారసీలో ఇరమ్ అంటే స్వర్గం. దిబ్బని తెలుగువాళ్లు అప్పటికే ఎర్రగడ్డ అంటున్నారని, రెండు భాషలకీ సరిపోయేలా ఆ పేరు ఎంచుకున్నాడని చెబుతారు. స్వర్గం సంగతి దర్బారువాళ్లు చూసుకున్నారు, జనం మాత్రం ఎర్రమంజిల్ అనే అన్నారు. అమీర్‌పేటకి అవతల సనత్‌నగర్ వైపు ఇంకో ఎర్రగడ్డ ఉంది. మా రాయలసీమ రూమ్మేట్ మొదటిసారి బస్సు బోర్డు మీద ఆ పేరు చూసి, ఊరికి ఉల్లిపాయ పేరేంట్రా అని నవ్వాడు.

గుట్ట, గడ్డ, ఎరుపు. ఈ పేర్లు పెట్టినవాళ్లకి కాళ్ల కింద ఏముందో తెలుసు. ఆ నేల కనపడకుండా పోయాక వచ్చినవాళ్లం మనం.

హైదరాబాద్ చరిత్రని మనం 1591 నుంచి మొదలుపెడతాం. కాస్త ఓపికున్నవాళ్లు కాకతీయుల దాకా వెళ్తారు. ఆ వెనకదంతా ‘ప్రకృతి’ అనే ఒక్క మాటలో పడేస్తాం. రాళ్లుండేవి, తర్వాత మనుషులు వచ్చారు, అంతే. కానీ ఆ రాళ్ల దగ్గర చాలా జరిగింది. దాన్ని చదవడానికి రాయి ఒక్కటే ఉంటే చాలదని, అది పుట్టిన చోట అలాగే ఉండాలని నా వాదన. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట కోసమే.

నేను భూగర్భశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. బీటెక్ అయ్యాక అందరిలాగే అమీర్‌పేట చేరాను. మైత్రీవనం పక్క సందులో జావా కోర్సు, నలుగురికి ఒక గది ఉన్న హాస్టల్. ఉద్యోగం మాదాపూర్‌లో వచ్చినా ఇల్లు ఇటే ఉండిపోయింది. పుస్తకాల మీద రాసే అలవాటు వల్ల, ఏ రచన చూసినా ఇందులో ఏది ముందు రాశారు, ఏది తర్వాత ఇరికించారు అని వెతుకుతాను. రాళ్లని చదివేవాళ్లు చేసేదీ అదే పని అని తెలిశాక ఇక వదల్లేకపోయాను.

అమీర్‌పేటలో రాయి కనిపించే సందర్భం ఒక్కటే. పాత రెండంతస్తుల ఇల్లు పడగొడతారు, చుట్టూ రేకులు కడతారు, సెల్లార్‌కి గొయ్యి తవ్వుతారు. రేకుల సందులోంచి తొంగి చూస్తే పైన మన పొర ఉంటుంది: ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు, విరిగిన డ్రైనేజీ పైపు. దాని కింద ఎర్రమట్టి, తెలంగాణ రైతు చెల్క అనే నేల. ఇంకా కింద మొరం. మొరాన్ని చేతిలోకి తీసుకుని నలిపితే గరగరలాడుతూ రాలిపోతుంది కానీ, రాలేముందు చూస్తే అందులో రాయి ఆకారం అలాగే ఉంటుంది. మొరం మధ్యలో అక్కడక్కడా గుండ్రటి గట్టి గుండ్లు. అన్నిటికన్నా కింద అసలు బండ, గులాబీ రంగుదో బూడిద రంగుదో. బ్రేకర్ మోత మొదలయ్యేది అక్కడే.

ఈ నాలుగు పొరల్లో కింది మూడూ ఒకే రాయి, వేర్వేరు దశల్లో. బండకి నిలువుగా, అడ్డంగా పగుళ్లుంటాయి. వాటిలోంచి నీళ్లు దిగుతాయి. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమట్టి అవుతుంది, ఇనుమున్న ఖనిజాలు తుప్పు పట్టి ఎర్రబడతాయి, క్వార్ట్జ్ ఇసుకగా మిగిలిపోతుంది. పగుళ్ల మధ్య పెట్టెలా ఉన్న దిమ్మెకి మూలల దగ్గర నీళ్లు మూడు వైపుల నుంచీ తగులుతాయి కాబట్టి ముందు మూలలు అరిగిపోతాయి. అలా గుండు తయారవుతుంది. చుట్టూ ఉన్న మొరం వానలకి కొట్టుకుపోతే గుండ్లు ఒకదాని మీద ఒకటి మిగులుతాయి. జూబిలీ హిల్స్‌లో, దుర్గం చెరువు దగ్గర, గచ్చిబౌలిలో ఎవరో పేర్చినట్టు కనిపించే బండలు ఇలా వచ్చినవే. అవన్నీ ఉన్నచోటే ఉన్నాయి, వాటి మధ్యలోంచి మిగతాది వెళ్లిపోయింది. అమీర్‌పేట సెల్లార్ గోతిలో కనిపించే గుండు అదే పని సగంలో ఉన్న గుండు.

ఇక ఆ బండ ఎప్పటిది, ఎక్కణ్ణుంచి వచ్చింది? అసలు ఈ ప్రశ్న అడగొచ్చని మనుషులకి తట్టింది నిన్నమొన్నే. 18వ శతాబ్దం చివర్లో యూరప్‌లో చాలామంది పండితులు గ్రానైట్‌ని ఆదిమ సముద్రం అడుగున పేరుకున్న తొలి రాయిగా భావించేవాళ్లు. 1785లో జేమ్స్ హట్టన్ స్కాట్లండ్‌లోని గ్లెన్ టిల్ట్ లోయలో ఒక సంగతి చూశాడు. ముదురు రంగు రాతిలోకి ఎర్రటి గ్రానైట్ వేళ్లలా చొచ్చుకుని వెళ్లి ఉంది. చొచ్చుకుపోయిందంటే అప్పుడది కరిగిన ద్రవం. ముదురు రాయి అప్పటికే అక్కడుంది. అంటే గ్రానైట్ కన్నా అదే పాతది. రెండు రాళ్లు కలిసే గీత దగ్గర నిలబడి చూడటంతోనే ఇది తేలింది. ఆ రెంటినీ విడివిడిగా కోసి బల్ల మీద పెట్టి ఉంటే తేలేది కాదు.

హైదరాబాద్‌కి ఈ చూపు తొందరగానే వచ్చింది. 1818లో విలియం లాంబ్టన్ నడుపుతున్న మహా త్రికోణమితి సర్వేకి సర్జన్‌గానూ, భూగర్భ శాస్త్రజ్ఞుడిగానూ హెన్రీ వెస్లీ వాయ్సీ చేరాడు. నిజాం రాజ్యంలో తిరిగి ఇక్కడి రాళ్లని పటంలోకి ఎక్కించాడు. మన దేశంలో తయారైన తొలి భూగర్భ పటాల్లో అదొకటి. 1824లో ఆయన చనిపోయేనాటికి భారత భూగర్భ సర్వే అనే సంస్థ ఇంకా పుట్టనే లేదు. అయితే రాయిని చదివినవాళ్లు తెల్లదొరలే అనుకుంటే పొరపాటు. బండ ఏ వైపు సాఫీగా చీలుతుందో వడ్డెరలకి వాయ్సీకన్నా ముందే తెలుసు. వరసగా రంధ్రాలు వేసి, మేకులు దిగగొట్టి, గీత గీసినట్టు బండని చీల్చేవాళ్లు. నగరంలో మిగిలిన చాలా బండల మీద ఆ రంధ్రాల వరస ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ చదువుని ఎవరూ రాసి పెట్టలేదు.

వయసు చెప్పే పద్ధతి 20వ శతాబ్దంలో వచ్చింది. గ్రానైట్‌లో జిర్కాన్ అనే గింజలుంటాయి, చాలావరకు ఇసుక రేణువుకన్నా చిన్నవి. జిర్కాన్ గట్టిపడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి ఈరోజు అందులో కనిపించే సీసమంతా ఆ తర్వాత యురేనియం మారగా వచ్చిందే. యురేనియం-238లో సగం సీసంగా మారడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. ఎంత మిగిలింది, ఎంత మారింది అని కొలిస్తే వయసు తెలుస్తుంది. హైదరాబాద్ గ్రానైట్ల వయసు ఇంచుమించు 250 కోట్ల ఏళ్లని ఇలాగే లెక్క తేలింది. అప్పటికి భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు, గాలిలో ఆక్సిజన్ కూడా లేనట్టే.

ఈ రాయి ధార్వాడ్ క్రేటాన్ అనే ప్రాచీన ఖండ భాగానికి చెందింది. ఆ క్రేటాన్ పడమటి భాగం, అంటే కర్ణాటక వైపుది, 300 కోట్ల ఏళ్లు దాటిన పాత నేల. మన తూర్పు భాగంలో ఎక్కువ రాళ్లు 270 నుంచి 250 కోట్ల ఏళ్ల మధ్య పుట్టినవి. రెంటి నడుమ ఉత్తర దక్షిణాలుగా వందల కిలోమీటర్లు సాగే క్లోజ్‌పేట గ్రానైట్ ఉంది. ‘షోలే’లో గబ్బర్ సింగ్ కూర్చున్న రామనగర బండలు ఆ గ్రానైటే. ఈడులో మన బంజారా హిల్స్ బండలకి వరసైనవి.

తూర్పు భాగం ఎలా పుట్టిందన్న దాని మీద రెండు వాదాలున్నాయి. సముద్రపు పలకలు పడమటి ఖండం కిందికి దిగుతూ ఉంటే, అగ్నిపర్వత దీవులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి దానికి అతుక్కున్నాయన్నది ఒకటి. భూగర్భం లోతుల్లోంచి వేడి రాతి స్తంభం పైకి లేచి, ఉన్న పొరని కింది నుంచి కరిగించిందన్నది ఇంకోటి. ఎటు మొగ్గాలన్నా సాక్ష్యం బండ మీదే ఉంటుంది. గులాబీ గ్రానైట్‌లో అక్కడక్కడా కోడిగుడ్డంతవి, తలకాయంతవి నల్లటి మచ్చలు కనిపిస్తాయి. వాటి అంచు పదునుగా, విరిగిన ముక్కలా ఉంటే అది మాగ్మా మింగిన పాత రాయి. అంచు మెత్తగా, పాలలో డికాక్షన్ పడ్డట్టు ఉంటే లోతు నుంచి వచ్చిన వేరే మాగ్మా ఇంకా వేడిగా ఉండగానే కలిసిందని అర్థం. మనం స్థిరత్వానికి ఉపమానంగా వాడుకునే ఈ రాయి కొన్ని కిలోమీటర్ల లోతున, రెండు మూడు చోట్ల నుంచి వచ్చిన పదార్థం కలిసి పుట్టింది. ఇప్పుడది మన కాళ్ల కింద ఉందంటే, దాని మీద అప్పట్లో ఉన్న కిలోమీటర్ల నేలంతా అరిగి ఎటో వెళ్లిపోయిందని అర్థం.

తర్వాత ఆ గట్టిపడ్డ నేల పగిలింది. పగుళ్లలోంచి నల్లటి మాగ్మా లేచి గోడల్లా గడ్డకట్టింది. వీటిని డైకులు అంటారు. మార్కెట్లో బ్లాక్ గ్రానైట్ పేరుతో అమ్మే రాయిలో చాలా భాగం డైకు రాయి, నిజానికి అది గ్రానైటే కాదు. ధార్వాడ్ క్రేటాన్ నిండా ఇవి వందలున్నాయి. అన్నీ ఒక కాలానివి కావు, కానీ 237 కోట్ల ఏళ్ల కిందట ఒక పెద్ద విడత వచ్చిందని వయసులు చెబుతున్నాయి. డైకులో ఇంకో విశేషం ఉంది. మాగ్మా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి భూమి అయస్కాంత దిశని పట్టి ఉంచుకుంటాయి. ఆ దిశ కొలిస్తే అప్పుడీ నేల ఏ అక్షాంశం మీద ఉందో లెక్కకట్టొచ్చు. 237 కోట్ల ఏళ్ల నాటి డైకుల్లో ఆ దిశ దాదాపు నిట్టనిలువుగా ఉంది. అంటే మన దక్కన్ నేల అప్పుడు ధ్రువానికి దగ్గర్లో ఉంది.

ఇక్కడ కాస్త ఆగుదాం. డైకు నుంచి నమూనా తీసేటప్పుడు ముందు దాని మీద ఉత్తరం ఎటో, వాలు ఎంతో గుర్తు పెట్టుకుంటారు. ఆ తర్వాతే ఊడదీస్తారు. గుర్తు లేకుండా ఊడిన ముక్కలో అయస్కాంతం అలాగే ఉంటుంది, కానీ అది ఎటు చూపిస్తోందో ఎవరూ చెప్పలేరు. గేటెడ్ కమ్యూనిటీ లాన్‌లో క్రేన్‌తో తెచ్చి నిలబెట్టిన బండకి వయసు కొలవొచ్చు. అది దేన్ని కోసుకుని వెళ్లింది, దాన్ని ఏది కోసింది, పగుళ్లు ఏ దిక్కుకి ఉండేవి అని అడిగితే మాత్రం అది నోరు విప్పదు.

మన గ్రానైట్ తర్వాతి కథ కోసం నగరం దాటాలి, ఎందుకంటే ఆ పేజీలు అంచుల్లో ఉన్నాయి. దక్షిణాన కడప బేసిన్‌లో సముద్రం వచ్చి చేరింది. ఆ పొరల మధ్యకి పులివెందుల దగ్గర సుమారు 188 కోట్ల ఏళ్ల కిందట మాగ్మా చొచ్చుకొచ్చింది. తూర్పున గోదావరి పొడవునా నేల చీలి కుంగితే, ఆ పల్లంలో అడవులు పూడి బొగ్గయ్యాయి. 1871లో ఇల్లెందు దగ్గర ఆ బొగ్గుని గుర్తించినవాడు భూగర్భ సర్వేకి చెందిన విలియం కింగ్. సింగరేణి కథ అక్కడ మొదలైంది. ఆ కాలపు రాళ్లకి మన ఆదిలాబాద్ దాకా ఉన్న గోండుల దేశం పేరు మీద గోండ్వానా అని పేరు పడింది. తర్వాత ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ స్యూస్ దక్షిణాది ఖండాలన్నీ కలిసి ఉన్న నాటి మహాఖండానికి ఆ పేరునే ఖాయం చేశాడు. అంటార్కిటికా మీద పుస్తకం రాసేవాడైనా ఈరోజు గోండుల పేరు తలవకుండా రాయలేడు.

పడమర వైపు అంచు ఇంకా దగ్గర. వికారాబాద్ వెళ్తుంటే ఒకచోట ఎర్ర చెల్క పోయి నల్లరేగడి మొదలవుతుంది. అక్కణ్ణుంచి మహారాష్ట్రలో చాలా భాగం దక్కన్ లావా, 6.6 కోట్ల ఏళ్ల నాటిది. మన మూసీ అనంతగిరి కొండల్లో లావా నేల మీద పుట్టి, నగరంలోకి వచ్చేసరికి గ్రానైట్ మీద పారుతుంది. ఒక్కరోజు బైక్ ప్రయాణంలో 240 కోట్ల ఏళ్ల దూరం. ఆ లావాలో కొంత అప్పటి నదీ లోయల వెంట సుమారు 1000 కిలోమీటర్లు పారి రాజమండ్రి చేరిందని, భూమ్మీద అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవే కావొచ్చని 2008లో ఒక పరిశోధక బృందం వాదించింది. పంగిడి దగ్గరి రాళ్ల రసాయనాలు, అయస్కాంత దిశ మహాబలేశ్వర్ వైపు రాళ్లతో సరిపోవడమే వాళ్ల ఆధారం. పంగిడి క్వారీలో రాయి తన చోట ఉంది కాబట్టే ఆ పోలిక సాధ్యమైంది.

ఇదంతా మనకెందుకు అనేవాళ్లకి నల్గొండ చూపిస్తాను. గ్రానైట్ మాగ్మా గట్టిపడుతుంటే చివరిదాకా మిగిలే ద్రవంలో ఫ్లోరిన్ లాంటి మూలకాలు పోగవుతాయి. నల్గొండ గ్రానైట్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. వాటి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు తాగి, తరాల పాటు మనుషుల పళ్లు గారపట్టాయి, ఎముకలు వంగిపోయాయి. మాగ్మా ఎప్పుడో సర్దుకున్న పద్ధతి ఒక ఊరి పిల్లల నడకని మార్చింది. మన అపార్ట్‌మెంట్ల బోర్ల కథా ఇదే. గట్టి బండలో నీళ్లుండవు, ఉంటే మొరంలోనూ, పగుళ్లలోనూ ఉంటాయి. పక్కింటి బోరులో పడ్డ నీళ్లు మన బోరులో పడకపోవడం వాళ్ల అదృష్టం కాదు, వాళ్ల కింద ఒక పగులు ఉంది. మధ్యలో డైకు అడ్డంగా ఉంటే భూగర్భంలో ఆనకట్ట కట్టినట్టే. కొబ్బరికాయ పట్టుకుని నడిచే ఆయనకి ఇచ్చే డబ్బుతో ఆ పటం కొనుక్కునే వీలుంటే బాగుండేది.

రాళ్లని కాపాడాలన్న ఆలోచన హైదరాబాద్‌కి కొత్త కాదు. సొసైటీ టు సేవ్ రాక్స్ 1996లో మొదలైంది. వాళ్ల పట్టుదల వల్ల కొన్ని శిలాకృతులు వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. ఎర్రమంజిల్ మహల్‌ని పడగొట్టి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతని సుప్రీంకోర్టు ఆపింది. అప్పుడు మనమంతా జింకల గురించి, నెమళ్ల గురించి, చెట్ల గురించి మాట్లాడాం. మాట్లాడాల్సిందే. కానీ చెట్టు మళ్లీ మొలిచే వీలుంది, బండకి ఆ వీలు లేదు. రాళ్ల గురించి మాట్లాడినప్పుడు కూడా పుట్టగొడుగులా ఉందనో, తాబేలులా ఉందనో అందం గురించే మాట్లాడతాం. ఏ పోలికకీ అందని చదునైన బండ మీద, రెండు మాగ్మాలు కలిసిన గీత ఒకటుంటే దాని తరఫున అర్జీ పెట్టేవాళ్లు లేరు.

నగరమంతా బండలా ఉంచేయమని అడగడం లేదు. నేను ఉంటున్న ఫ్లాటూ ఏదో ఒక బండని పేల్చి కట్టిందే. అడిగేది చిన్న విషయం. పెద్ద కట్టడం ఏది కట్టినా ముందు నేల పరీక్ష చేస్తారు, బోర్లు వేసి ఎన్ని అడుగుల దాకా మట్టి, ఎన్ని అడుగులకి మొరం, ఎక్కడ గట్టి రాయి అని రాస్తారు. 2017లో మొదలైన మన మెట్రోకి కూడా పునాదుల ముందు ఆ పని జరగాల్సిందే. పిల్లర్ నిలబడ్డాక ఆ కాగితాలు ఫైళ్లలో పడి ఉంటాయి. బ్రిటిష్ భూగర్భ సర్వే అలాంటి బోరు రికార్డులు పది లక్షలకు పైగా పోగుచేసింది. వాటిలో చాలావాటిని ఎవరైనా ఇంట్లో కూర్చుని చూడొచ్చు. మన దగ్గర ఉప్పల్‌లో 1961 నుంచి జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉంది, ఉస్మానియాలో భూగర్భశాస్త్ర విభాగం ఉంది. కోడ్ రాసేవాళ్లకైతే కొదవే లేదు. ప్లాన్ అనుమతితో పాటు నేల రికార్డునీ బయట పెట్టాలని, కాంక్రీటు పోసేముందు దిక్కులు గుర్తుపెట్టి గోతి గోడల ఫోటోలు తీయాలని ఒక నిబంధన చాలు. బిల్డర్‌కి అది ఒక పూట పని.

సెల్లార్ గొయ్యి కొన్ని వారాలే తెరిచి ఉంటుంది. అమీర్‌పేట సందుల్లో ఏ నెల చూసినా ఒకటో రెండో ఉంటూనే ఉంటాయి. కోర్సుకి వెళ్తూ ఆ రేకుల పక్కనుంచి నడిచే పిల్లల్లో ఏదో ఒక ఏడాది ఒకరైనా ఆగి, ఆ నల్ల చార గులాబీ రాయిని కోసిందా, గులాబీ రాయే దాన్ని కోసిందా అని అడగకపోరు. సమాధానం ఆ గోడ మీద ఉంటుంది, గోడ పూడేదాకా.